ఇంగ్లండ్‌లోని ఇప్స్‌విచ్ పట్టణ ప్రణాళికాధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

మీ ఊళ్ళోని విల్లిస్ భవనం గురించి రాస్తున్నాను. వాస్తుశిల్పి నార్మన్ ఫోస్టర్ బృందం ఒక బీమా సంస్థ కోసం రూపొందించిన ఈ ఆఫీసు 1975లో పూర్తయింది. 1991లోనే దానికి గ్రేడ్ వన్, అంటే వారసత్వ కట్టడాలకు మీ దేశం ఇచ్చే అత్యున్నత రక్షణ దక్కింది. కట్టి పదహారేళ్ళయినా పూర్తిగా నిండిందో లేదో, కోటలకూ చర్చిలకూ ఇచ్చే హోదా!

దీని ప్రాణమంతా ఆ నల్లటి అద్దాల గోడలో ఉంది. అద్దాల మధ్య చట్రాలు లేవు. పైనుంచి వేలాడుతున్న అద్దాలను మూలల్లో లోహపు బిళ్ళలు పట్టి ఉంచుతాయి, సందుల్లో సిలికోన్ అనే రబ్బరులాంటి పదార్థం ఉంటుంది. పగలు చుట్టుపక్కల పాత ఇళ్ళన్నీ అందులో కనిపిస్తాయి. రాత్రి దీపాలు వెలిగితే గోడే మాయమై, లోపలి అంతస్తులు బయటపడతాయి.

కరెంటు ఆదా పేరుతో రేపు ఎవరైనా అద్దాలు మారుస్తామని దరఖాస్తు పెట్టవచ్చు. వాళ్ళ ఇబ్బందిని నేను కొట్టిపారేయను. ఆనాటి అద్దం ఈనాటి లెక్కలకు సరిపోదు. కానీ కొత్త అద్దం రంగు కాస్త తేలినా, అతుకు ఒక వేలెడు లావైనా ఆ మాయ పోతుంది. అందుకే కాగితం మీది బొమ్మలు చూసి సంతకం పెట్టకండి. నమూనా పలకను అసలు గోడ పక్కనే నిలబెట్టించి, పగలోసారి, చీకటి పడ్డాక మరోసారి మీరే చూడండి.

ఉద్యోగుల కోసం కట్టిన ఈతకొలనును పూడ్చకుండా, పైన నేల పరిచి కాపాడారు. ఎప్పుడైనా మళ్ళీ తెరవొచ్చు. అనుమతి ఇచ్చే ప్రతి మార్పుకూ అదే షరతు పెట్టండి: వెనక్కి తీసుకోగలిగేదై ఉండాలి.

ఇట్లు,
ఒక భవనాల అభిమాని