ఏ యాంటీబాడీ వచ్చిందో కూడా రాయండి

సంపాదకులకు,

దీర్ఘకాలిక హెపటైటిస్ బికి ఇంటర్‌ఫెరాన్ (రోగనిరోధక వ్యవస్థను ఉసిగొల్పే ఇంజెక్షన్) చికిత్స గురించి రాసేటప్పుడు పత్రికలు తరచూ ‘యాంటీబాడీలు వచ్చాయి, జబ్బు తగ్గింది’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నాయి. రిపోర్టులో మూడు రకాల యాంటీబాడీలుంటాయి. మూడింటి అర్థం ఒకటి కాదు.

యాంటీ-హెచ్‌బీసీ (వైరస్ లోపలి కోర్ ప్రోటీన్‌పై వచ్చే యాంటీబాడీ) వైరస్ సోకినవారిలో సాధారణంగా జీవితాంతం ఉంటుంది. దాన్ని చూసి సంబరపడక్కర్లేదు.

యాంటీ-హెచ్‌బీఈ (ఈ-యాంటిజెన్ అనే వైరస్ ప్రోటీన్‌పై వచ్చే యాంటీబాడీ) విషయంలోనే ఎక్కువమంది పొరపడుతున్నారు. ఈ-యాంటిజెన్ ఉన్నవారికి పెగ్‌ఇంటర్‌ఫెరాన్ ఆల్ఫా-2ఎ (ఎక్కువకాలం పనిచేసే ఇంటర్‌ఫెరాన్) వారానికి 180 మైక్రోగ్రాముల చొప్పున 48 వారాలు ఇస్తే, చికిత్స ముగిసిన ఆరు నెలలకు దాదాపు మూడో వంతు మందిలో ఆ యాంటిజెన్ పోయి ఈ యాంటీబాడీ కనిపిస్తుంది. మంచి పరిణామమే, కానీ వైరస్ వదిలిపోయినట్టు కాదు. ప్రీకోర్ ఉత్పరివర్తనం చెందిన వైరస్ (జన్యుమార్పు వల్ల ఈ-యాంటిజెన్‌ను తయారుచేయలేనిది) ఉన్నవారిలో చికిత్సకు ముందే యాంటీ-హెచ్‌బీఈ ఉంటుంది, వైరల్ లోడూ (రక్తంలో వైరస్ మోతాదు) ఎక్కువగా ఉండొచ్చు. దాన్ని కొలిచే హెచ్‌బీవీ డీఎన్‌ఏ పరీక్ష పక్కన పెట్టుకోకుండా దీన్ని చదవకూడదు.

ఇక అందరూ ఎదురుచూసే యాంటీ-హెచ్‌బీఎస్, అంటే వైరస్ ఉపరితల యాంటిజెన్‌పై వచ్చే యాంటీబాడీ. దీన్ని నెలనెలా చేయించడం డబ్బు దండగ. రక్తంలో ఉపరితల యాంటిజెన్ (హెచ్‌బీఎస్‌ఏజీ) విపరీతంగా ఉన్నంతకాలం, తయారైన కాస్త యాంటీబాడీ దానికే అతుక్కుపోతుంది, పరీక్షకు చిక్కదు. కాబట్టి చూడాల్సింది హెచ్‌బీఎస్‌ఏజీ పరిమాణం. ఈ-యాంటిజెన్ ఉన్నవారిలో 24వ వారానికి కూడా మిల్లీలీటరుకు 20,000 యూనిట్లు దాటి ఉంటే ఇంజెక్షన్లు ఆపేయడమే మేలు. మధ్యలో ఏఎల్‌టీ (కాలేయ కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) పెరిగితే కంగారుపడి ఆపేసేవారున్నారు. రోగనిరోధక వ్యవస్థ సోకిన కణాలపై దాడి చేస్తున్నా అలాగే పెరుగుతుంది. బిలిరుబిన్ (కామెర్ల సూచిక), ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టే సమయపు కొలత) కూడా పెరిగితేనే అసలు ప్రమాదం.

హెచ్‌బీఎస్‌ఏజీ పూర్తిగా పోవడం చికిత్స ముగిసిన ఆరు నెలల నాటికి నూటికి పదిమందిలో కూడా జరగదు. చికిత్స ఆపాక 24 వారాలపాటు ఆ యాంటిజెన్, డీఎన్‌ఏ రెండూ కనిపించకపోతే, యాంటీ-హెచ్‌బీఎస్ లీటరుకు 10 యూనిట్లు దాటకపోయినా, క్రియాత్మక స్వస్థత (వైరస్ పూర్తిగా పోకపోయినా మందులు లేకుండానే అదుపులో ఉండటం) కిందే లెక్క. యాంటీబాడీ రాలేదని చికిత్స విఫలమైందనుకోవద్దు.

ఇంటర్‌ఫెరాన్ అక్కర్లేని యాంటీబాడీలనూ రేపుతుంది. థైరాయిడ్‌పై అవి తిరగబడవచ్చు. మూడు నెలలకోసారి టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు చెప్పే హార్మోన్ పరీక్ష) చూడాలి, మొదలుపెట్టే ముందే యాంటీ-టీపీఓ (థైరాయిడ్‌పై దాడిచేసే యాంటీబాడీ) ఉన్నవారిలో మరీ జాగ్రత్తగా.

స్వస్థత వచ్చినవారిలోనూ కాలేయ కణాల కేంద్రకంలో వైరస్ డీఎన్‌ఏ మిగిలే ఉంటుంది. తర్వాత ఎప్పుడైనా రిటుక్సిమాబ్ లాంటి, రోగనిరోధక శక్తిని అణచే మందు ఇవ్వాల్సివస్తే ఈ పాత రిపోర్టులు వైద్యుడికి చూపించాలి, వైరస్ మళ్లీ లేవకుండా ముందే మాత్రలు మొదలుపెడతారు.

ఇట్లు,
ఒక పాఠకుడు