మందుతో పాటు తిండి, నడక సంగతీ చూడండి

ఎడిటర్ గారికి,

మా తమ్ముడికి స్కిజోఫ్రీనియా అనే తీవ్రమైన మానసిక జబ్బు ఉంది. దానికి ఓలాంజపిన్ అనే మందు మొదలుపెట్టాక, ఎవరూ మాట్లాడకుండానే చెవిలో వినపడే మాటలు తగ్గాయి, నిద్ర పట్టింది, కానీ ఏడాదిలో 14 కిలోలు పెరిగాడు. ఆ మందుతో ఆకలి బాగా పెరుగుతుందని, షుగర్ కూడా రావచ్చని ఎవరూ చెప్పకపోవడంతో "తిని పడుకుంటున్నాడు" అని వాడినే తిట్టాం, తలుచుకుంటే ఇప్పటికీ బాధే. తీవ్రమైన మానసిక జబ్బులున్నవాళ్లు మిగతావాళ్ల కంటే 10 నుంచి 20 ఏళ్లు ముందే చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. డాక్టర్ని అడక్కుండా మందు మాత్రం ఆపకూడదు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ఓపీల్లో బరువు, నడుము కొలత, షుగర్ తప్పకుండా చూడాలి, ఏం తినాలో ఓపిగ్గా చెప్పే మనిషిని పెట్టాలి. వాకింగ్ చెయ్యమని చీటీ మీద రాస్తే సరిపోదండీ, నేను చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడితేనే వాడు కదులుతాడు.

- ఒక అక్క, గుంటూరు