ఆఫీసుల్లో కంప్యూటర్ల లెక్క సరిగ్గా తేల్చండి

సంపాదకులు గారికి నమస్కారం.

నేను కాకినాడ చుట్టుపక్కల ఆఫీసులకి, కాలేజీలకి ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు) మీద కంప్యూటర్లు, నెట్‌వర్క్ చూసే టెక్నీషియన్ని. విండోస్ 10 కి మైక్రోసాఫ్ట్ వాళ్ళు 2025 అక్టోబర్ 14 తో సపోర్టు ఆపేశారు కదా, అప్పట్నుంచి ఎక్కడికెళ్ళినా ఇదే హడావుడి, మీ దగ్గర సిస్టమ్స్ ఎన్ని, విండోస్ 11 ఎక్కేవి ఎన్ని, ఎక్కనివి ఎన్ని, రేపు సాయంత్రానికి పంపండి అని పైనుంచి ప్రొఫార్మా వస్తుంది, సెక్షన్లో ఎవరో ఒకరు స్టాక్ రిజిస్టర్ ముందేసుకుని నింపి పంపేస్తారు. రిజిస్టర్లో ఉండేది కొన్నప్పటి బిల్లులో ఉన్న వివరమే. ఆ తర్వాత ర్యామ్ పెంచారా, హార్డ్‌డిస్క్ పోతే ఎస్సెస్‌డీ వేశారా, మదర్‌బోర్డే మారిపోయిందా అందులో ఎవరూ ఎక్కించరు. విండోస్ 11 కి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో జనరేషన్ నుంచి పైన ఉండాలి, రిజిస్టర్లో ఉత్త "కోర్ ఐ3" అని రాసుంటే అది మూడో జనరేషనో పదో జనరేషనో ఎలా తెలుస్తుంది?

ఈ వివరం ప్రతి కంప్యూటర్ తనంతట తనే చెప్పగలదు. నెట్‌వర్క్ మీద ఉన్న సిస్టమ్స్ వివరాలు సేకరించి లిస్టు చేసే ఓసీఎస్ ఇన్వెంటరీ, జీఎల్‌పీఐ లాంటి సాఫ్ట్‌వేర్లు ఓపెన్ సోర్సే, లైసెన్సు డబ్బులు కూడా అక్కర్లేదు. చాలా చోట్ల పెట్టి చూశారు కూడా. మొదటి రోజు సగం సిస్టమ్సే లిస్టులోకి వస్తాయి, "ఇది పనిచెయ్యదండీ" అని పక్కన పడేసి మళ్ళీ ప్రొఫార్మా మీదికి వెళ్ళిపోతారు. నా బాధ అంతా ఇక్కడే. రాని ప్రతి సిస్టమ్‌కీ ఒక కారణం ఉంటుంది, వెతికితే దొరుకుతుంది.

ముందు ఆ టైముకి సిస్టమ్ ఆన్‌లో ఉందా చూడాలి, రాత్రి పూట స్కాన్ పెడితే ఆపేసిన మిషన్లు ఎలా పలుకుతాయి. ఆన్‌లో ఉండి కూడా "ఆర్‌పీసీ సర్వర్ అన్‌అవైలబుల్" అని వస్తే ఎక్కువ సార్లు అది బయట నుంచి వచ్చే కనెక్షన్లని అడ్డుకునే ఫైర్‌వాలే. నెట్‌వర్క్ పబ్లిక్ అని పడి ఉంటుంది, లేదంటే 135 పోర్టు అనే దారి ఒక్కటే తెరిచి ఊరుకుంటారు, డబ్ల్యూఎంఐ (సిస్టమ్ వివరాలు చెప్పే విండోస్ భాగం) 135 మీద పలకరించి తర్వాత మాట 49152 నుంచి 65535 మధ్యలో ఏదో ఒక పోర్టు మీద మాట్లాడుతుంది, అది మూసి ఉంటే అక్కడే ఆగిపోతుంది. దీనికి మొత్తం ఫైర్‌వాల్ ఆపేసే వాళ్ళని చూశాను, దయచేసి అలా చెయ్యొద్దు. విండోస్‌లోనే డబ్ల్యూఎంఐ కోసం రూల్స్ రెడీగా ఉన్నాయి, వాటిని ఇన్వెంటరీ సర్వర్ ఐపీకి మాత్రమే తెరిస్తే చాలు. ఇంకా మంచిది ప్రతి సిస్టమ్‌లో ఏజెంట్ అనే చిన్న ప్రోగ్రామ్ వెయ్యడం, అది తనే సర్వర్‌కి రిపోర్టు పంపుతుంది కాబట్టి ప్రతి సిస్టమ్‌లోకీ బయట నుంచి దారి తెరవక్కర్లేదు.

"యాక్సెస్ డినైడ్" వస్తే అది వేరే కథ. అన్నిటినీ ఒకే సర్వర్ కింద నడిపే డొమైన్ లేకుండా విడివిడిగా వర్క్‌గ్రూప్‌లో ఉన్న సిస్టమ్స్‌లో లోకల్ అడ్మిన్ పాస్‌వర్డ్ కరెక్టుగా ఇచ్చినా నెట్‌వర్క్ మీద నుంచి వస్తే యూఏసీ అనే విండోస్ కట్టడి వల్ల పూర్తి అధికారం ఇవ్వదు. పాత స్కాన్ సాఫ్ట్‌వేర్లు అయితే డీకామ్ (సిస్టమ్స్ ఒకదానితో ఒకటి మాట్లాడే విండోస్ పద్ధతి) సెక్యూరిటీ అప్‌డేట్ దెబ్బకి ఆగిపోయాయి, అది 2021 లో మొదలై 2023 మార్చి నుంచి తప్పనిసరి అయింది. డబ్ల్యూఎంఐసీ కమాండ్‌తో రాసుకున్న స్క్రిప్టులు కూడా అంతే, విండోస్ 11 కొత్త వెర్షన్లలో ఆ కమాండ్ మామూలుగా ఉండట్లేదు, పవర్‌షెల్‌లోకి మార్చుకోవాలి. డబ్ల్యూఎంఐ తన వివరాలు దాచుకునే రిపాజిటరీ పాడైందేమో అని అనుమానం వస్తే ముందు వెరిఫై చెయ్యాలి గానీ చూడగానే రీసెట్ కొట్టకూడదు, వేరే సాఫ్ట్‌వేర్లు అందులో రిజిస్టర్ చేసుకున్నవి పోతాయి.

అన్నిటికంటే ఎక్కువ తిప్పలు పెట్టేది సీరియల్ నంబర్. ఒక ఆఫీసులో టేబుళ్ళ మీద కనపడే సీపీయూల కంటే లిస్టులో తక్కువ వచ్చాయి, ఏంటా అని కాలమ్ తెరిచి చూస్తే అసెంబుల్డ్ సిస్టమ్స్ అన్నిటికీ సీరియల్ నంబర్ గడిలో "టు బీ ఫిల్డ్ బై ఓ.ఈ.ఎం." అనే ఉంది, అంటే సప్లై చేసిన వాళ్ళు బయోస్‌లో (మదర్‌బోర్డులో ఉండే మొదటి ప్రోగ్రామ్‌లో) నంబర్ రాయనే లేదు, అన్నీ ఒకే పేరుతో పలుకుతుంటే సర్వర్ వాటిని ఒకే మిషన్ అనుకుని కలిపేసింది. పైగా ఒకే ఇమేజ్‌తో ఘోస్ట్ కొట్టిన (ఒక డిస్కు కాపీనే అన్నిట్లో ఎక్కించిన) సిస్టమ్స్‌లో ఏజెంట్ ఐడీ కూడా ఒకటే, పొద్దున ఒక మిషన్ వివరం కనపడితే మధ్యాహ్నానికి అదే వరసలో ఇంకో మిషన్ వివరం కూర్చుంటుంది. అలాంటి సీరియల్స్‌ని బ్లాక్‌లిస్టులో పెట్టి, యూయూఐడీ (మదర్‌బోర్డు గుర్తింపు నంబర్), మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు నంబర్) చూసుకుని, ఏజెంట్ ఆపి పాత ఐడీ ఫైలు తీసేసి మళ్ళీ స్టార్ట్ చేస్తే ఎవరి వరస వాళ్ళకి వస్తుంది.

ఇదంతా డబ్బుతో ముడిపడిన పని. విండోస్ 10 కి ఇంకొన్నాళ్ళు సెక్యూరిటీ అప్‌డేట్స్ కావాలంటే సంస్థలకి ఒక్కో సిస్టమ్‌కి మొదటి ఏడాది లిస్టు ధర 61 డాలర్లు, తర్వాత ఏటా రెట్టింపు, అదీ మూడేళ్ళే. ర్యామ్ వేస్తే పనికొచ్చే సిస్టమ్‌ని తీసి పారేస్తే అది ప్రజల సొమ్ము, పనికిరానిదాన్ని లెక్కలో లేదని మూల పడేస్తే అందులో డిస్కు మీద జనం ఆధార్ కాపీలు, పెన్షన్ కాగితాలు ఉండొచ్చు. పాతవి వదిలించుకోవాలన్నా 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ రూల్స్ ప్రకారం రిజిస్టర్డ్ రీసైక్లర్ లాంటి వాళ్ళకే ఇవ్వాలి, లెక్క లేకుండా ఏది ఇస్తారు?

అధికారులకి మీ పత్రిక ద్వారా నా విన్నపం ఇదీ. ఇకమీదట కంప్యూటర్ల టెండర్లో బయోస్‌లో సీరియల్ నంబర్ రాసి ఇవ్వాలని ఒక షరతు పెట్టండి, డెలివరీ రోజే చెక్ చేసి తీసుకోండి. ఇన్వెంటరీ లిస్టు రాగానే దాన్ని నెట్‌వర్క్ స్విచ్‌లో, సిస్టమ్స్‌కి ఐపీలు పంచే డీహెచ్‌సీపీలో కనపడే మ్యాక్ అడ్రస్‌లతో పోల్చి, రాని సిస్టమ్స్ లిస్టు వేరే తీయించండి, ఒక్కో సిస్టమ్ ఎందుకు రాలేదో పక్కనే రాయించండి. అందుకు టెక్నీషియన్‌కి అడ్మిన్ అకౌంటు, తగినంత టైము ఇప్పించండి, రేపు సాయంత్రానికి అంటే మళ్ళీ రిజిస్టర్ చూసి నింపడమే అవుతుంది.

ఇట్లు,
ఒక హార్డ్‌వేర్ టెక్నీషియన్, కాకినాడ