ఆ 50 రూపాయల సెక్షన్ మార్చండి: కేంద్ర పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. మా వెనకింటి డాబా మీద పిట్టగోడ ఊచకి ఒక కుక్కను కట్టేసి ఉంచేవారు. మే నెల ఎండలోనూ అక్కడే. మెట్ల గది పక్కన కాస్త నీడ ఉండేది కానీ గొలుసు అక్కడిదాకా వచ్చేది కాదు. అరిస్తే యజమాని పైకొచ్చి బెల్టుతో, ఒక్కోసారి పైపు ముక్కతో కొట్టేవాడు. ఆయన మెట్లెక్కే చప్పుడు వినపడగానే అది అరుపు మింగేసి, కాళ్లు ముడుచుకుని నేలకి కరుచుకుపోయేది. బట్టలు ఆరేయడానికి డాబా ఎక్కాలంటేనే నాకు టెన్షన్‌గా ఉండేది.

ఫోన్‌లో వీడియో తీసి పోలీస్ స్టేషన్‌కి వెళ్లాను. మర్యాదగానే మాట్లాడారు. "ఇది నాన్ కాగ్నిజబుల్ అమ్మా. కోర్టు పర్మిషన్ లేకుండా మేం దర్యాప్తు చేయలేం. అయినా ఆయన కుక్కే కదా" అన్నారు. ఇంటికొచ్చి చట్టం చదివితే, పర్మిషన్ సంగతి నిజమే.

1960 నాటి జంతు హింస నిరోధక చట్టం సెక్షన్ 11 ప్రకారం కొట్టడం, తిండీ నీళ్లూ పెట్టకపోవడం, అదేపనిగా కట్టేసి ఉంచడం అన్నీ నేరాలే. కానీ మొదటిసారికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. మూడేళ్లలోపు మళ్లీ చేస్తేనే జైలు మాట వస్తుంది. అప్పుడు కూడా 100 రూపాయల లోపు కట్టి బయటపడొచ్చు.

భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 325లో ఐదేళ్ల శిక్ష ఉంది కదా అని మీ అధికారులు అనొచ్చు. అది జంతువును చంపితేనో, విషం పెడితేనో, అవిటిదాన్ని చేస్తేనో వర్తిస్తుంది. పైగా ఇంకొకరికి నష్టం కలిగించడం అనే నేరం కింద రాసిన సెక్షన్ అది. సొంత కుక్కను రోజూ చావగొట్టేవాడి మీద ఆ కేసు నిలబడటం కష్టం. ఆ కుక్కకి మిగిలింది ఈ 50 రూపాయల సెక్షనే.

అది వాడుకోవడానికీ గడువుంది. నేరం జరిగిన మూడు నెలల్లోపు కేసు వేయాలి. నేను లాయర్‌ని వెతుక్కుని కాగితాలు సిద్ధం చేసేసరికి ఆ మూడు నెలలూ దాటిపోయాయి. ఒకవేళ శిక్ష పడినా, యజమాని దగ్గరే ఉంటే మళ్లీ హింస తప్పదని సాక్ష్యంతో చూపిస్తే తప్ప జంతువును అతని దగ్గర్నుంచి తీసేయడానికి సెక్షన్ 29 ఒప్పుకోదు. అలా చూపలేకపోతే దెబ్బలు తిన్నది తిరిగి అదే ఇంటికి పోవాలి.

శిక్షలు పెంచమని 2014లో జల్లికట్టు తీర్పులో సుప్రీంకోర్టే చెప్పింది. 2022 నవంబరులో మీ శాఖే ముసాయిదా సవరణ బిల్లు విడుదల చేసి మా అభిప్రాయాలు అడిగింది. దారుణమైన హింసకు 50,000 నుంచి 75,000 రూపాయల జరిమానా, ఏడాది నుంచి మూడేళ్ల జైలు అందులో ఉన్నాయి. దాన్ని పార్లమెంటు ముందు పెట్టండి. కొట్టడం, ఎండలో కట్టేయడం లాంటివాటికి కూడా పోలీసులు నేరుగా కేసు పెట్టేలా చూడండి. ఆ మూడు నెలల గడువు తీసేయండి. కేసు తేలేదాకా జంతువును యజమాని దగ్గర ఉంచకండి.

వెనకింటివాళ్లు కిందటి నెల ఇల్లు ఖాళీ చేశారు. కుక్కను ఆటోలో సామాన్ల మధ్య ఎక్కించుకుని వెళ్లారు. గొలుసు కూడా తీసుకెళ్లారు.

ఇట్లు,
ఒక గృహిణి