కిడ్నీ రోగికి ఫంగస్ సోకితే చవక ఇంజెక్షన్ చాలదు, మంత్రిగారూ

ఆంధ్రప్రదేశ్ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి శ్రీ సత్యకుమార్ యాదవ్ గారికి,

నమస్కారం. నేను సోంపేటలో మందుల షాపు నడుపుతున్నాను. మా ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి మీకు కొత్తగా చెప్పేదేమీ లేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి వచ్చాక డయాలిసిస్ అవస్థ కొంత తగ్గింది. ఆ కిడ్నీ రోగికే ఫంగస్ సోకితే ఏంటన్నది ఇప్పుడు నా బెంగ.

2021లో బ్లాక్ ఫంగస్ పుణ్యమా అని ఫంగస్‌కు ఇచ్చే ఆంఫోటెరిసిన్ ఇంజెక్షన్ పేరు పల్లెల్లోనూ మారుమోగింది. అందులో పాత రకం చవక. కానీ కిడ్నీని దెబ్బతీస్తుంది, పొటాషియం పడిపోతుంది. మామూలు మనిషికైతే ముందు సెలైన్ ఎక్కించి కిడ్నీని కొంత కాపాడుకొస్తారు. కాళ్లు వాచి, నీళ్లు కొలుచుకుని తాగే మనిషికి ఎంతని ఎక్కిస్తారు? అదే మందును సన్నని కొవ్వు బుడగల్లో పెట్టి తయారుచేసే లిపోసోమల్ రకంతో కిడ్నీకి ముప్పు బాగా తక్కువ, కాకపోతే ఖరీదు. బ్లాక్ ఫంగస్‌కు కిలో బరువుకు రోజుకు 5 మిల్లీగ్రాములు ఇవ్వాలి. 60 కిలోల మనిషికి 50 మిల్లీగ్రాముల వయల్స్ రోజుకు ఆరు, అదీ వారాల తరబడి. ఆ లెక్క చెప్పగానే "పాతదే రాయించుకొస్తాం బాబూ" అని వెనక్కి వెళ్తారు.

"డయాలిసిస్‌లో ఉన్నాడు, కిడ్నీ ఎలాగూ పోయింది, ఏదైతే ఏంటి" అన్న మాటా విన్నాను. నేను ఒప్పుకోను. రోజుకు గ్లాసుడు మూత్రం వచ్చినా ఆ మనిషికి ఆ మేరకు నీళ్లు తాగే వీలుంటుంది. ఇంకా డయాలిసిస్ దాకా రానివాళ్లదైతే మరీ అన్యాయం. ఫంగస్ తగ్గాక మిషన్ మీదికి చేరే ప్రమాదం వాళ్లకే ఎక్కువ.

కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లది ఇంకో తంటా. ఫంగస్‌కు వొరికొనజోల్, పోసాకొనజోల్ లాంటి మందులు మొదలుపెడితే, కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా వాళ్లు వాడే టాక్రోలిమస్ మందు రక్తంలో పెరిగిపోతుంది. దాని డోసు తగ్గించి, రక్తంలో లెవెల్ చూసుకుంటూ ఉండకపోతే పెట్టించుకున్న కిడ్నీకే ఎసరు.

పలాసలో, శ్రీకాకుళం ప్రభుత్వాసుపత్రిలో లిపోసోమల్ స్టాక్ ఏడాది పొడవునా ఉంచండి. ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఆ ఇంజెక్షన్ ఖర్చు డాక్టరు చాలన్నదాకా భరించండి, ప్యాకేజీ డబ్బు అయిపోయేదాకా కాదు. టాక్రోలిమస్ పరీక్షకు రక్తం పలాసలోనే తీసుకుని, రిపోర్టు డాక్టరుకు అక్కడికే తెప్పించండి. 2021 మేలో బ్లాక్ ఫంగస్‌ను ఇదే పథకంలో, అప్పటి పేరు ఆరోగ్యశ్రీ, చేర్చడానికి ప్రభుత్వానికి ఎక్కువ రోజులు పట్టలేదు. ఇదీ ఒక్క జీవోతో మొదలయ్యే పనే.

ఇట్లు,
సోంపేట నుంచి ఒక ఫార్మసిస్టు