నీ బీరువాలో పుస్తకాల సంగతి

విజయవాడ

అమ్ములూ,

ఫోన్లో మొదలుపెడితే సగంలో నీకు మీటింగ్ వచ్చేస్తుంది. అందుకే ఉత్తరం రాస్తున్నా.

నీ బీరువాలో పుస్తకాలకు ఈమధ్య కాళ్లొచ్చాయి. ఉగాది తర్వాత మన అపార్ట్‌మెంట్ వాళ్లం పుస్తకాల కోసమే ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. నీళ్లు, లిఫ్టు, పార్కింగ్ గొడవలు అందులోకి రానివ్వం. అట్ట ఫోటో పెడితే కావాల్సినవాళ్లు "నాకు" అంటారు, సాయంత్రం వచ్చి తీసుకెళ్తారు.

మొదట్లో ఉత్త ఫోటోలే పెట్టేవాళ్లం. నెల తిరిగేసరికి ఏ పుస్తకం కావాలన్నా వేలు నొప్పి పుట్టేదాకా జరుపుకుంటూ పోవాల్సి వచ్చింది. ఇప్పుడు ఫోటో కింద పుస్తకం పేరు, రచయిత, ఫ్లాట్ నంబరు తెలుగులోనే రాయాలి. ఇంగ్లీషు అక్షరాల్లో అయితే తలా ఒక స్పెల్లింగు, వెతికితే దొరకదు. రెండో అంతస్తు మామ్మగారికి టైపింగ్ రాదు. మైకు నొక్కి పేరు చెబుతారు, ఫోనే రాసేస్తుంది.

పై అంతస్తు కుర్రాడు బార్‌కోడ్ స్కాన్ చేసే యాప్ తెచ్చాడు. కొత్త ఇంగ్లీషు పుస్తకాలకు ఇట్టే వివరాలు వచ్చేశాయి. తాతయ్య పుస్తకాల్లో మాత్రం బార్‌కోడ్ కింద 978తో మొదలయ్యే ఆ పుస్తకం నంబరు ఒక్కదానికీ లేదు. మనకు ఫోటో, చేత్తో కొట్టిన పేరే నయమనుకున్నాం.

1935లో గ్రంథాలయోద్యమంలో పనిచేసిన పాతూరి నాగభూషణం గారు కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలవ మీద పడవలో పుస్తకాలు తిప్పారని తాతయ్య చెబుతుండేవారు, గుర్తుందా? మొన్న ఆదివారం మన వాచ్‌మన్ కూతురు కూరగాయల బుట్టలో ఏడు పుస్తకాలు పెట్టుకుని లిఫ్టెక్కింది. ఒక్కో అంతస్తులో దిగడం, ఒకటి ఇచ్చి ఇంకొకటి తీసుకుని మళ్లీ ఎక్కడం. చివరికి తను చదవడానికి ఒకటి చంకలో పెట్టుకుని కిందికి దిగింది. నాకు ఆ పడవే కళ్లముందు కదిలింది.

నీకు చెప్పాల్సింది ఇంకోటి ఉంది. పదో తరగతిలో నీకు ప్రైజుగా వచ్చిన పుస్తకం వానకి తడిసి తిరిగొచ్చింది. తీసుకెళ్లినావిడ ఎంతో బాధపడింది. పేజీల మధ్య టిష్యూలు పెట్టి రెండు రోజులు ఫ్యాన్ కింద ఆరబెట్టాను. అట్ట ఉబ్బింది, అక్షరాలు చెక్కుచెదరలేదు. నిన్ను అడక్కుండా ఇవ్వడం నా తప్పే తల్లీ.

అందుకే ఇప్పుడు అడుగుతున్నా. కింద అరలో నీ చిన్నప్పటి బొమ్మల పుస్తకాలున్నాయి. ఎదురింటి పాప అక్షరాలు కూడబలుక్కుంటోంది, రోజూ వచ్చి ఆ అర ముందే కూర్చుంటోంది. నువ్వు క్రేయాన్లతో రంగులేసినవి కూడా ఇవ్వనా? నువ్వు సరేననేదాకా ఫోటో తీయను.

మీ అమ్మ