నది దగ్గరికి చివర్లో వెళ్తాం

తల్లిదండ్రులకు నమస్కారం.

ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు ఈ టర్మ్‌లో చేస్తున్న నది ప్రాజెక్టు గురించి ఈ ఉత్తరం. "నదికి ఎప్పుడు తీసుకెళ్తున్నారు?" అని మీలో చాలామంది అడుగుతున్నారు. ఆరో వారంలో. అంతకుముందు ఐదు వారాలూ పిల్లలు నది మొహం చూడరు. నదిలో కనిపించే బురద, నురగ, కవర్లు చాలావరకు నదిలో పుట్టినవి కావు. ఇంటి కప్పుల మీద నుంచి, రోడ్ల మీద నుంచి, చేల మీద నుంచి వాననీరు ఈడ్చుకొచ్చినవి. ఆ దారి తెలియకుండా గట్టున చెత్త ఏరితే, వచ్చే వానకి మళ్లీ అంతే చెత్త.

మొదటి పని మ్యాపు. 1:50,000 స్కేలులో 2 సెంటీమీటర్లంటే నేల మీద 1 కిలోమీటరు. మనం నీళ్లు పరీక్షించబోయే చోట చుక్క పెట్టి, అక్కడికి వచ్చి చేరే వాగులూ వంకలూ అన్నిటికీ నీలిరంగు వేస్తారు. తర్వాత చుట్టూ ఉన్న మిట్టలను కలుపుతూ హద్దు గీస్తారు. ఆ హద్దు లోపల పడిన నీరు ఇంకిపోకుండా, ఆవిరి కాకుండా మిగిలితే ఆ చుక్క దగ్గరికే చేరాలి. అదే పరీవాహక ప్రాంతం. పిల్లలు తడబడేది కంటూరు గీతల దగ్గర, అంటే మ్యాపులో ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతల దగ్గర. ఇవి లోయలోనూ బాణం మొనలా వంగుతాయి, మిట్ట వెన్ను మీదా వంగుతాయి. లోయలో మొన ఎగువకు చూస్తుంది, వెన్ను మీద దిగువకు చూస్తుంది. ఇది తారుమారైతే హద్దు కాస్తా వాగును దాటేస్తుంది. సరిచూసుకోవడం తేలికే: సరైన హద్దు నీటి దారిని ఒకే ఒక్క చోట, మనం పెట్టిన చుక్క దగ్గర మాత్రమే దాటుతుంది. ఇంకెక్కడ దాటినా చెరిపి మళ్లీ గీయాల్సిందే. నేల చదునుగా ఉన్నచోట మ్యాపు కంటే, వానలో గొడుగేసుకుని నీళ్లు ఎటు పారుతున్నాయో చూడటమే నయం. సైడుకాలువలు, రోడ్డు కింది తూములు మిట్టను లెక్కచేయకుండా నీటిని పక్క పరీవాహకంలోకి మళ్లించేస్తుంటాయి.

తర్వాతి పనికి మీ సాయం కావాలి. మీ ఇంటి కప్పు పొడవు, వెడల్పు మీటర్లలో కొలిచి పంపండి. అపార్ట్‌మెంట్ అయితే మొత్తం భవనం కొలత చాలు. 1 చదరపు మీటరు మీద 1 మిల్లీమీటరు వాన పడితే 1 లీటరు నీళ్లు. ఆ లెక్కన 100 చదరపు మీటర్ల కప్పు మీద 20 మిల్లీమీటర్ల వాన అంటే 2,000 లీటర్లు. కప్పు తడవడానికి పోయేది కొంత తీసేయండి. మిగిలినది గొట్టం దిగి ఎటు పోతోంది? ఇంకుడు గుంతకా, మట్టిలోకా, సైడుకాలువకా? ఆ దారిని పిల్లలు స్వయంగా నడిచి చూసి బొమ్మ వేయాలి. ఎక్కడికి పోతుందో తేలకపోతే "తెలియదు" అని రాయనివ్వండి. ఊహించి రాస్తేనే మాకు చిక్కు.

దీంతోపాటు రెండు సీసాల ప్రయోగం. వాన మొదలైన 10 నిమిషాల్లోపు ఒకసారి, అరగంటకి మరోసారి, ఇంటి ముందు కాలువలో పారే నీటిని ఒకే సైజు గాజు సీసాల్లో పట్టండి. పట్టేది పెద్దవాళ్లే. ఉరుములు, మెరుపులు ఉంటే అసలు వద్దు. రాత్రంతా కదపకుండా ఉంచి, పొద్దున్నే అడుగున పేరుకున్న మట్టి మందాన్ని స్కేలుతో కొలవాలి. సాధారణంగా మొదటి సీసాలోనే ఎక్కువ ఉంటుంది. పొడి రోజుల్లో రోడ్డు మీద చేరిన దుమ్ము, ఆయిలు, టైర్ల పొడి తొలి నీళ్లతోనే కదులుతాయి మరి. రెండో సీసాలో ఎక్కువ కనిపిస్తే ప్రయోగం చెడిందనుకోకండి. ఎగువన ఎక్కడో తవ్విపోసిన మట్టి కుప్ప నాని కరుగుతోందేమో వెతకాలి.

ఇక నది. ప్రవాహం కొలవడానికి తిన్నగా పారే 10 మీటర్ల ముక్క ఎంచుకుని, కమలాపండు వదిలి స్టాప్‌వాచ్‌తో చూస్తాం. బంతి పనికిరాదు, గాలికి కొట్టుకుపోతుంది. కమలాపండు చాలావరకు మునిగి నీటితోపాటే పోతుంది. 25 సెకన్లు పట్టిందంటే వేగం సెకనుకు 0.4 మీటర్లు. అడుగున రాళ్ల రాపిడికి నీళ్లు నెమ్మదిగా కదులుతాయి కాబట్టి దాన్ని 0.85తో గుణించాలి. అప్పుడు 0.34. వెడల్పు 4 మీటర్లు, సగటు లోతు 0.3 మీటర్లు ఉంటే సెకనుకు దాదాపు 408 లీటర్లు. లోతును నడిమధ్య ఒక్కచోటే కొలిచి సగటు అనుకుంటే ప్రవాహం ఉన్నదానికంటే ఎక్కువ తేలుతుంది. గట్టు నుంచి గట్టుకు కనీసం ఐదుచోట్ల కొలవాలి.

నీటిలో కరిగిన ఆక్సిజన్ పరీక్షలో సీసాను నీటి లోపలే నింపి, లోపలే మూత పెట్టాలి. ఒక్క బుడగ చిక్కుకున్నా గాలిలోని ఆక్సిజన్ కలిసి రీడింగ్ పెరుగుతుంది. 20 డిగ్రీల నీరు లీటరుకు సుమారు 9.1 మిల్లీగ్రాములు, 30 డిగ్రీల నీరు సుమారు 7.6 మాత్రమే పట్టుకోగలదు. అందుకే ఉష్ణోగ్రత రాయని రీడింగ్‌కు విలువ లేదు. నాచు పగటి వెలుగులో ఆక్సిజన్ వదులుతుంది, రాత్రంతా వాడేసుకుంటుంది. అందుకే నాచు పట్టి పచ్చగా ఉన్న నీరు మధ్యాహ్నం బ్రహ్మాండంగా కనిపిస్తుంది, తెల్లవారుజామున చేపలకు ఊపిరాడదు. అలాంటి నీటిలో అసలు సంగతి పొద్దున్నే బయటపడుతుంది. మనం 7 గంటలకల్లా అక్కడ ఉండాలనడం ఇందుకే. పరీక్షలోని ఆమ్లాన్ని టీచర్లే వాడతారు.

రసాయన పరీక్ష ఆ నిమిషం సంగతే చెబుతుంది. రాళ్ల కింది పురుగులు కొన్ని నెలల సంగతి చెబుతాయి. వలను దిగువన పెట్టి, ఎగువన కాలితో రాళ్లు కదిపి, దొరికినవాటిని నీళ్లు పోసిన తెల్లటి ట్రేలో చూస్తాం. రెండు తోకల స్టోన్‌ఫ్లై పిల్లపురుగులు, సాధారణంగా మూడు తోకలతో కడుపు పక్కన మొప్పలు ఆడించే మేఫ్లై పిల్లపురుగులు ఉంటే ఆక్సిజన్ బాగున్నట్టు. సన్నటి ఎర్ర పురుగులు తప్ప ఇంకేమీ లేకపోతే అనుమానించాలి. ఆ ఎరుపు హీమోగ్లోబిన్‌ది, తక్కువ ఆక్సిజన్‌లోనూ బతకడానికి వాటికి పనికొస్తుంది. చూశాక పురుగుల్ని దొరికిన చోటే వదలాలి, తిరగేసిన రాయిని మళ్లీ బోర్లించాలి.

నీటి మీద ఇంద్రధనుస్సు రంగుల పొర కనిపిస్తే కేకలు పెట్టకుండా పుల్లతో కదపమంటాం. పొర పలకల్లా పగిలి విడిగా ఉండిపోతే అది ఇనుమును తినే బ్యాక్టీరియా పని, సహజమే. సాగి మళ్లీ కలిసిపోతే ఆయిలు. అలాగే నురగంతా సబ్బు కాదు. కుళ్లిన ఆకుల నుంచి వచ్చే గోధుమరంగు నురగ మట్టివాసన వేస్తుంది.

పిల్లల్ని మోకాలి లోతు దాటనివ్వం. మోకాలంటే గుంపులో అందరికంటే పొట్టి పిల్లవాడి మోకాలు. ఆరుగురు పిల్లలకు ఒకరు చొప్పున పెద్దవాళ్లు ఉంటారు. ఇసుక తవ్విన గుంతలు పైకి కనిపించవు, కాబట్టి ముందురోజు టీచర్లు కర్రతో లోతు చూసి తాడు కడతారు. లేసులున్న పాత కాన్వాస్ బూట్లు పంపండి. చెప్పులు జారిపోతాయి, గమ్‌బూట్లలో నీళ్లు నిండితే కాలు లేవదు. కాళ్ల మీద గాయం ఉన్న పిల్లలు గట్టునే ఉండి లెక్కలు రాస్తారు. మురికినీటి నుంచి ఎలుక జ్వరం ఆ గాయం గుండానే ఒంట్లోకి రావచ్చు.

గట్టున చెత్త ఏరేటప్పుడు ప్లాస్టిక్, తాళ్లు, వల ముక్కలే తీస్తాం. పడిపోయిన కొమ్మలు, ఆకులు చెత్త కాదు. చేపపిల్లలు దాక్కునేది వాటిలోనే. సూదులు, గాజుపెంకులు పిల్లలు ముట్టుకోరు. మొక్కలు నాటే కార్యక్రమం పెట్టమని కొందరు అడిగారు. ఈ టర్మ్‌లో పెట్టడం లేదు. నీటి అంచునే నాటి, ఫొటో దిగి వచ్చేస్తే మొదటి వరదకే కొట్టుకుపోతాయి. ముందు గడ్డి, పొదలు నిలదొక్కుకోవాలి, ఆ పైన చెట్లు. ఏవి నాటాలో గట్టున ఇప్పటికే వాటంతటవే పెరుగుతున్నవాటిని చూసి పిల్లలు జాబితా రాస్తారు.

ఇంట్లో మాత్రం ఈలోగా చేయగలిగినవి ఉన్నాయి. వాడిన ఇంజన్ ఆయిలు, మిగిలిన పెయింటు, బ్రష్షు కడిగిన నీళ్లు సైడుకాలువలో పోయకండి. చాలాచోట్ల ఆ కాలువకు శుద్ధి కేంద్రం ఉండదు, తిన్నగా వాగులోకే దారి. గడువు దాటిన మందులు టాయిలెట్‌లో వేయకండి.

అనుమతి పత్రం, కప్పు కొలతలు నాలుగో వారం లోపు పంపండి. అలర్జీలు, ఫిట్స్, ఆస్తమా ఉంటే పత్రం వెనక తప్పక రాయండి. బయల్దేరే ముందు 24 గంటల్లో ఎగువన గట్టి వాన పడితే, మన దగ్గర ఎండ కాస్తున్నా ప్రయాణం రద్దు. ఆ సంగతి ఉదయం 5:30కి మెసేజ్ పెడతాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు